తర్వాతి సిమ్స్ గేమ్‌లోనూ 'మోడ్స్' ఫోల్డర్ ఉంచండి: మాక్సిస్, ఈఏ వారికి బహిరంగ లేఖ

ది సిమ్స్ గేమ్ తయారుచేసే మాక్సిస్ స్టూడియో వారికీ, ఆ స్టూడియోని నడిపే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) యాజమాన్యానికీ నమస్కారం.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. మీరు తర్వాత తెచ్చే సిమ్స్ గేమ్ ఏదైనా సరే, ఇప్పుడు మా కంప్యూటర్లో డాక్యుమెంట్స్ లోపల ఉన్న 'మోడ్స్' ఫోల్డర్ లాంటిది అందులోనూ ఉండాలి. మోడ్స్ అంటే ఆటగాళ్ళే సొంతంగా చేసి గేమ్‌లో చేర్చుకునేవి. మేం చేసుకున్న చీరో, కుర్చీయో, ఇల్లో అందులో పడేసి ఆడుకోగలగాలి. మధ్యలో మీ దుకాణం, మీ అనుమతి, మీ సర్వర్ ఉండకూడదు. మిగతా లేఖంతా ఈ మాట ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

ఈ గేమ్ తెలియని తెలుగువాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకి రెండు ముక్కలు. సిమ్స్‌లో గెలవడం, ఓడడం ఉండవు. ఇల్లు కట్టాలి, అందులో మనుషుల్ని పెట్టాలి, వాళ్ళ తిండీ నిద్రా ఉద్యోగం పెళ్ళీ పిల్లలూ చూసుకోవాలి. వంట రానివాణ్ణి పొయ్యి దగ్గరికి పంపితే వంటిల్లు అంటుకుంటుంది. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో వచ్చిన మంటల్లో, ఈ గేమ్ సృష్టించిన విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్ళీ ఇల్లూ సామానూ ఒక్కొక్కటే సమకూర్చుకుంటున్నప్పుడు ఆయనకి ఈ గేమ్ ఆలోచన బలపడింది. 2000 ఫిబ్రవరిలో విడుదలై, రెండేళ్ళకల్లా అప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన పీసీ గేమ్ 'మిస్ట్'ని దాటేసింది.

ఈ చరిత్ర మీకు నేను చెప్పాలా అనుకోవచ్చు. అప్పటివాళ్ళు మీ ఆఫీసులో ఇంకా ఎంతమంది ఉన్నారో అన్న అనుమానంతో చెబుతున్నాను. మొదటి గేమ్ షాపుల్లోకి రాకముందే, మనుషులకి బట్టలూ ముఖాలూ తయారుచేసుకునే చిన్న చిన్న టూల్స్ మీరు జనం చేతిలో పెట్టారు. గేమ్ కొనకముందే గేమ్‌లోకి బట్టలు కుట్టారు అభిమానులు! 2004లో సిమ్స్ 2 వచ్చినప్పుడూ అంతే, మనుషుల్ని తయారుచేసుకునే 'బాడీ షాప్' టూల్ గేమ్ కంటే ముందు వచ్చింది. అంటే ఈ తలుపు మేం బద్దలుకొట్టింది కాదు. మీరు తీసి, లోపలికి రమ్మన్నదే.

ఇక మా సంగతి. 2021 అక్టోబరులో మీరు 'ఫ్యాషన్ స్ట్రీట్' అనే చిన్న కిట్ (గేమ్‌కి అదనంగా కొనుక్కునేది) తెచ్చారు, ముంబై వీధుల స్ఫూర్తితో చేశామన్నారు. సంతోషం. మన బట్టలు ఆ గేమ్‌లో అధికారికంగా కనబడడం నిజంగానే బాగుంది. అయితే ముంబై వేరు, మంగళగిరి వేరు. లంగాఓణీ, పట్టుపంచె, జడగంటలు, తులసికోట, గుమ్మానికి పసుపు, వాకిట్లో ముగ్గు, ఇవి మీ ప్యాకుల్లో వస్తాయని ఎదురుచూస్తూ కూర్చుంటే మనవలు పుడతారు. (సిమ్స్‌లో కాదు, మాకే.) ఇలాంటివి ఎవరో ఒకరు రాత్రిళ్ళు కూర్చుని చేస్తే తప్ప మా ఇళ్ళలోకి రావు.

ఒక చీర చేయడమంటే ఏమిటో మీ పెద్దలకి ఒకసారి చెప్పాలనుంది. సిమ్స్ 4లో బట్ట గుడ్డలా జారదు, గాలికి ఊగదు. ఒంటిమీద పోతపోసినట్టుండే రూపం అది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ రూపాన్ని మలిచి, దానిమీది ప్రతి బిందువూ ఏ ఎముకతో కలిసి కదలాలో విడివిడిగా చెప్పాలి. ప్యాంటుకి ఇది తేలిక, కుడికాలి గుడ్డ కుడికాలితో పోతుంది. చీరకి అలా కాదు, కుచ్చిళ్ళు రెండు కాళ్ళ నడుమ ఉంటాయి. ఎడమకాలికి అప్పజెబితే అడుగు వేసినప్పుడల్లా అటే లాక్కుపోతాయి. చెరిసగం పంచితే నడకలో రబ్బరులా సాగుతాయి. పైట ఇంకో గొడవ. కొంగుని వెన్నెముకకి అతికిస్తే నుంచున్నంతసేపూ లక్షణంగా ఉంటుంది, సోఫాలో కూర్చోగానే సోఫా వీపులోంచి పొడుచుకుని వెనక్కి వస్తుంది. వంటింట్లో చేయెత్తితే మోచేయి పైటని చీల్చుకుని బయటపడుతుంది.

ఇవన్నీ సరిచేశాం అనుకునేలోపు ఆ సిమ్, అంటే గేమ్‌లోని మనిషి, లావెక్కుతుంది. లేదా చిక్కుతుంది. లేదా నెల తప్పుతుంది. ప్రతి మార్పుకీ చీర కూడా ఒంటితో పాటు మారాలి, లేకపోతే పొట్ట చీరలోంచి తొంగిచూస్తుంది. దూరం నుంచి చూసినప్పుడు కంప్యూటర్ మీద బరువు పడకుండా అదే చీరకి ఇంకా మోటుగా ఉండే నకళ్ళు మూడు నాలుగు చేసి పెట్టాలి. ఆ తర్వాతే రంగుల దగ్గరికి వచ్చేది. గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి, పోచంపల్లి, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీయాలి. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైను అంచులు కొంచెం పాకినట్టుండాలి, నూలుకి ముందే రంగులద్ది నేస్తారు కాబట్టి. మరీ నీటుగా గీస్తే ప్రింటు చీర అయిపోతుంది. ఆ తేడా చీర తెలిసినవాళ్ళకే కనబడుతుంది, అయినా ఎవరూ వదిలిపెట్టరు. ఇంత చేసి, ఉచితంగా పెడతారు. కింద ఎవరో "బ్లౌజు వేరే రంగులో కావాలి అక్కా" అని రాస్తారు. మర్నాడు వేరే రంగు బ్లౌజు వస్తుంది.

ఇళ్ళ విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాలి. 2020 నవంబరు అప్‌డేట్‌లో నేలని మెట్టుగా లేపుకునే ప్లాట్‌ఫారం టూల్ ఇచ్చారు. మీ మనసులో ఏముందో గానీ, మాకు మాత్రం అది వీధి అరుగు. అప్పటిదాకా అరుగు కావాలంటే కిందామీదా పడి ఏదో మాయ చేయాల్సి వచ్చేది. మండువా లోగిలి మాత్రం ఇప్పటికీ పరీక్షే. నాలుగు వైపులా గదులు, నడిమధ్య ఆకాశం, నాలుగు కప్పులూ లోపలికి వాలాలి. మీ కప్పులన్నీ బయటికి వాలే అమెరికా ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ముక్కలు ముక్కలుగా పేర్చి, మూలల్లో కలవని చోట తీగలు పాకించి కప్పేస్తాం. పండగలూ అంతే. 2018లో 'సీజన్స్' ప్యాక్‌తో మా పండగ మేం పెట్టుకునే వీలిచ్చారు. సంక్రాంతి అని పేరు పెట్టి, విందు, చుట్టాల్ని పిలవడం కలుపుకుంటాం. గొబ్బెమ్మలు మాత్రం ఎవరో చేసిపెట్టాల్సిందే.

ఇది మా ఒక్కళ్ళ గోల కాదని మీకు బాగా తెలుసు. సిమ్స్ 4 వచ్చిన 2014లో ముదురు చర్మపు ఛాయలు లెక్కకి ఉన్నాయంటే ఉన్నాయి. కొన్ని ఛాయలైతే బూడిద పూసినట్టు కనబడేవి. ఎక్స్‌మిరామిరా అనే పేరుతో తెలిసిన నల్లజాతి ఆటగత్తె 'మెలనిన్ ప్యాక్' అనే మోడ్ చేసి, ఆ ఛాయలు ఎలా ఉండాలో చూపించారు. మీరు వందకి పైగా కొత్త ఛాయలు ఇచ్చింది 2020 డిసెంబరులో. అప్పటిదాకా లక్షలమంది ఇళ్ళలో ముఖాలు సరిగ్గా కనబడింది ఆ ఫోల్డర్ పుణ్యమే. మీరు తర్వాత ఆమెలాంటి వాళ్ళని పిలిచి మాట్లాడారు, అది మీ పెద్దమనసు. కానీ ముందు ఫోల్డర్ ఉంది కాబట్టే మాట్లాడడానికి ఒక వస్తువు ఉంది. ఫిర్యాదు రాస్తే చదివేవాళ్ళు తక్కువ. చేసి చూపిస్తే కాదనేవాళ్ళు ఉండరు.

అలాగే మీరు వదిలేసిన గేమ్‌ల సంగతి. సిమ్స్ 3 ఈ రోజుకీ ఆడగలుగుతున్నామంటే ఎన్‌రాస్ మోడ్లు లేకుండా ఊహించలేం. ఊళ్ళో ఎక్కడో ఒక సిమ్ ఇరుక్కుపోతే గేమంతా నత్తనడక నడుస్తుంది, దాన్ని కనిపెట్టి విడిపించేది ఆ మోడే. సిమ్స్ 2ని కొత్త గ్రాఫిక్స్ కార్డులు గుర్తుపట్టక తెర మీద గులాబీరంగు పలకలు వస్తుంటే, ఏళ్ళ తరబడి దానికి మందు కనిపెట్టి పంచింది అభిమానులే. 25 ఏళ్ళ పండగకి, 2025 జనవరిలో, సిమ్స్ మొదటి గేమ్‌నీ సిమ్స్ 2నీ మళ్ళీ అమ్మకానికి పెట్టారు మీరు. వాటిమీద ఇంకా జనానికి ప్రేమ మిగిలుందంటే ఆ మధ్యకాలంలో వాటిని ఎవరు బతికించారో ఆలోచించండి.

మీ వైపు వాదనలు నాకు తెలియనివి కావు. మొదటిది భద్రత. 2024 మొదట్లో మోడ్ల ముసుగులో వైరస్ ఫైళ్ళు వచ్చిపడ్డాయి, పాస్‌వర్డ్లు ఎత్తుకుపోయే రకం. భయపడ్డాం, నిజమే. సిమ్స్ 4 స్క్రిప్ట్ మోడ్లు పైథాన్ కోడ్, అది కంప్యూటర్లో చాలా పనులు చేయగలదు. అయితే అప్పుడు 'మోడ్‌గార్డ్' రాసి పంచింది ట్విస్టెడ్‌మెక్సీ అనే మోడర్ (మోడ్లు చేసేవాళ్ళని అలా అంటాం). అనుమానపు ఫైళ్ళ పేర్లు ఒకరికొకరు చెప్పుకుంటూ జల్లెడ పట్టింది అభిమానులే. ఇంటికి దొంగొస్తే తలుపుకి గడియ పెట్టమంటాం గానీ తలుపే తీసేసి గోడ కట్టమనం. స్క్రిప్టు ఏయే పనులు చేయకూడదో గేమ్‌లోనే హద్దులు పెట్టండి, ఎవరూ కాదనరు. చీరకీ కుర్చీకీ స్క్రిప్టే ఉండదు, వాటిని ఆ లెక్కలో కలపకండి.

రెండోది డబ్బు. ఇక్కడ మా వాళ్ళనీ వెనకేసుకురాను. ఒక జడని శాశ్వతంగా తాళంవేసి నెలనెలా చందా కడితేనే ఇస్తామనేవాళ్ళు ఉన్నారు, అది నాకు నచ్చదు. 2022 జులైలో మీరు మోడ్లకి డబ్బు తీసుకోకూడదని గట్టిగా రాశారు. గోల లేచింది. కొద్ది రోజులకే సర్ది, కొంతకాలం ముందస్తుగా చందాదారులకి ఇచ్చి తర్వాత అందరికీ ఉచితంగా పెట్టొచ్చన్నారు. నా దృష్టిలో మీరు ఈ ఇరవై అయిదేళ్ళలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి. చేసేవాళ్ళకి కరెంటు బిల్లయినా వస్తుంది, మిగతావాళ్ళకి కాస్త ఆలస్యంగానైనా అందుతుంది. దాన్ని కదపకండి.

కదిపితే ఏమవుతుందో రోల్ ప్లేయింగ్ గేమ్‌ల వాళ్ళని అడగండి. 2015 ఏప్రిల్లో స్కైరిమ్ అనే గేమ్ మోడ్లని స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకానికి పెట్టారు, స్టీమ్ నడిపే వాల్వ్, గేమ్ తెచ్చిన బెథెస్డా కలిసి. చేసినవాడి చేతికి నూటికి ఇరవై అయిదు. మిగతా డెబ్బై అయిదు ఆ రెండు కంపెనీలకి. నాలుగు రోజులకే డబ్బు వెనక్కిచ్చి మూసేశారు. అక్కడ తగువు డబ్బు దగ్గర మొదలైందే గానీ డబ్బుతో ఆగలేదు. ఒక మోడ్ ఇంకో మోడ్ మీద, అది మరొకరి టూల్ మీద ఆధారపడి ఉంటుంది. అన్నదమ్ముల ఉమ్మడి పొలం లాంటి దాన్ని ఒక్కరి పేర రిజిస్ట్రేషన్ చేయాలంటే కొట్లాట రాక ఏమవుతుంది.

నేను ఇంకా అడగని సంగతి ఒకటుంది, ప్యాచ్ డే. అప్‌డేట్ వచ్చిన రోజు మా గ్రూపుల్లో టెన్షన్ చూస్తే ఇంటర్ రిజల్ట్స్ గుర్తొస్తాయి. గేమ్ తెరవగానే మోడ్లన్నీ ఆపేసి ఉంటాయి. తిరిగి ఆన్ చేస్తే మంచం మీద పడుకోవాల్సిన తాతగారు గాల్లో పడుకుంటారు, మెనూలు ఖాళీగా వస్తాయి. అప్పుడు సగం ఫైళ్ళు బయటికి తీసి ఆడి చూడడం, బాగుంటే తప్పు ఆ సగంలో ఉన్నట్టు, మళ్ళీ అందులో సగం. దోషిని పట్టుకునేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఎంసీ కమాండ్ సెంటర్ లాంటి పెద్ద మోడ్లు చేసేవాళ్ళయితే మీ కోడ్‌లో ఏం మారిందో వాళ్ళే విప్పి చూసుకుని, రాత్రంతా కూర్చుని సరిచేస్తారు. ఆటగాళ్ళు మాత్రం "ఇంకా అవ్వలేదా" అని వాళ్ళ మీదే విసుక్కుంటారు. ఫాలౌట్ 4 అనే గేమ్ మీద ఏళ్ళ తరబడి ఒక జట్టు కట్టిన పెద్ద మోడ్ 'ఫాలౌట్: లండన్' 2024 ఏప్రిల్లో విడుదల కావాల్సింది. సరిగ్గా అప్పుడే కంపెనీ పెద్ద అప్‌డేట్ ప్రకటించేసరికి వాళ్ళు జులై దాకా ఆగాల్సి వచ్చింది. ఏం మారబోతోందో నాలుగు ముక్కలు మోడర్లకి వారం ముందు చెప్పడానికి మీకేమీ ఖర్చవదు.

ఇప్పుడీ లేఖ ఎందుకంటారా? 2022 అక్టోబరులో 'ప్రాజెక్ట్ రెనే' అనే కొత్త సిమ్స్ గేమ్ తెస్తామన్నారు. నలుగురు కలిసి ఆడేది, ఫోన్లోనూ ఆడేది. సిమ్స్ 4ని ఆపబోమని కూడా చెప్పారు, నమ్ముతాను. కానీ గేమంతా మీ సర్వర్లో నడిస్తే మా కంప్యూటర్లో ఫోల్డర్‌కి చోటెక్కడ? ఆ తర్వాత 2025 సెప్టెంబరులో ఈఏని 5,500 కోట్ల డాలర్లకి సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్, సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ కొంటున్నాయని ప్రకటన వచ్చింది. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. అప్పు తెచ్చిన కంపెనీ ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే, ఉన్న ప్రతిదానికీ ఒక ధర చీటీ అంటిస్తుంది. ఉచితంగా దొరికే చీర పక్కన డబ్బులకి అమ్మే చీర పెట్టినప్పుడు, ఉచితం చీర మీద ఎవరి చూపు పడుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అమ్ముకోండి, వద్దనడం లేదు. మీ దుకాణం మీది. పక్కనున్న మా అరుగు మాకు వదిలేయండి.

పోటీ గురించి మీకు నేను గుర్తుచేయక్కర్లేదు. 2025 మార్చిలో సిమ్స్ లాంటిదే, క్రాఫ్టన్ వారి ఇన్‌జోయ్ వచ్చింది, ఆటగాళ్ళు సొంతంగా వస్తువులు చేసుకునే టూల్స్ గేమ్‌లోనే పెట్టుకుని. బాల్డర్స్ గేట్ 3 వాళ్ళు గేమ్ వచ్చిన ఏడాదికి, 2024 సెప్టెంబరులో, తమంతట తామే మోడ్ టూల్స్ ఇచ్చారు. ఇక స్టార్డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఒక్కడు మొదలుపెట్టిన గేమ్ అది. 2021 చివర్లో వచ్చిన అప్‌డేట్‌లో, తాను ఇవ్వని భాషల్ని ఆటగాళ్ళే చేర్చుకునే వీలు పెట్టాడు.

నా చివరి కోరిక అక్కణ్ణించే వచ్చింది. సిమ్స్‌లో తెలుగు లేదు, హిందీ లేదు, అసలు ఏ భారతీయ భాషా లేదు. మీరే అనువదించి ఇమ్మనడం లేదు. గేమ్‌లో కనబడే వాక్యాలన్నిటికీ మా భాషలో వరస రాసుకుని చేర్చుకునే వీలు ఇవ్వండి, అనువాదం మేం పంచుకుని చేసుకుంటాం. అయితే తెలుగుకి ఒక చిక్కుంది. చాలా గేమ్ ఇంజిన్లు అక్షరాల్ని పక్కపక్కన పేర్చడమే తప్ప ఒకదాని కింద ఒకటి పెట్టడం తెలియనివి. అందుకని 'స్త్రీ' అని రాస్తే పొల్లులు విడిపోయి నాలుగు ముక్కలై వస్తుంది, 'అమ్మ' కూడా అమ్మలా ఉండదు. ఇది అభిమానులు మోడ్‌తో బాగుచేసుకునేది కాదు, ఇంజిన్‌లోనే జరగాలి. కొత్త గేమ్ పునాదులు వేస్తున్నప్పుడు చేస్తే చిన్న పని, పదేళ్ళ తర్వాత చేయాలంటే కొండ తవ్వడమే.

మీ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. అక్కడ ఎవర్నయినా పిలిచి తెర మీద 'జ్యోత్స్న', 'రాష్ట్రం', 'లక్ష్మి' చదవమనండి. సరిగ్గా ఉన్నాయో లేవో ఒక్క చూపులో చెప్పేస్తారు. ఇంకా పరీక్షించడానికి కష్టమైన ఒత్తుల జాబితా కావాలంటే మేం పంపిస్తాం, చాంతాడంత ఉంటుందని మాత్రం ముందే చెబుతున్నాను. జవాబు ఇంగ్లీషులో రాసినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఇంకా కొంగు సరిచేసుకుంటున్న ఒక సిమ్స్ ఆటగత్తె